దర్పణాలలో, కటకాలలో ఆవర్ధనం: అర్థం చేసుకొని లెక్కించే విధానం

ఒక వస్తువును దర్పణం ముందో కటకం ముందో ఉంచినప్పుడు ఏర్పడే ప్రతిబింబం ఆ వస్తువు పరిమాణానికి ఎన్ని రెట్లున్నదో తెలిపే సంఖ్యను ఆవర్ధనం అంటారు. ప్రతిబింబం ఎత్తును వస్తువు ఎత్తుతో భాగిస్తే అది వస్తుంది. రెండూ ఎత్తులే కాబట్టి దానికి ప్రమాణం ఉండదు. ఆ సంఖ్య ఒకటికంటే ఎక్కువగానే ఉండాలన్న నియమం కూడా లేదు. ఎదుట నిలబడిన మనిషి రూపాన్ని కెమెరా కటకం సెన్సారు మీద వందో వంతుకు కుదిస్తే, 0.01 అనే ఆ విలువ కూడా ఆవర్ధనమే. విలువకు ముందుండే గుర్తు విలువతో సమానంగా సమాచారాన్నిస్తుంది: ధన గుర్తు ఉంటే ప్రతిబింబం నిటారుగా ఉందనీ, రుణ గుర్తు ఉంటే తలక్రిందులుగా ఉందనీ అర్థం.

ఈ లెక్కల్లో తప్పిపోయేవారిని గమనిస్తే, కూడికలూ భాగహారాలూ రాక తప్పినవారు అరుదుగా కనిపిస్తారు. గుర్తును చివర్లో అతికించవచ్చని అనుకోవడం వల్లనో, ప్రశ్న ఏ రకమైన ఆవర్ధనాన్ని (ఎత్తుల నిష్పత్తినా, కంటి వద్ద ఏర్పడే కోణాల నిష్పత్తినా) అడుగుతున్నదో ముందుగా తేల్చుకోకపోవడం వల్లనో తప్పులు వస్తాయి. కాబట్టి అంకెల జోలికి వెళ్లకముందే ఈ రెండింటినీ స్థిరపరచుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఎత్తుల నిష్పత్తి దూరాల నిష్పత్తిగా మారే తీరు

ప్రతిబింబం ఎత్తును ప్రతిసారీ కొలవడం కుదరదు. కిరణాలు నిజంగా కలవకుండా, ఒక చోటి నుంచి వస్తున్నట్లు తోచినప్పుడు మాత్రమే కనిపించే మిథ్యా ప్రతిబింబాన్ని తెర మీద పట్టనే లేము. అదృష్టవశాత్తు, దూరాలు తెలిస్తే ఎత్తుల నిష్పత్తి దానంతట అదే తెలుస్తుంది. దర్పణం మధ్య బిందువైన ధ్రువం వద్ద గీసిన లంబం ప్రధానాక్షమే కాబట్టి, వస్తువు కొన నుంచి వచ్చి ధ్రువాన్ని తాకిన కిరణం అక్షంతో ఎంత కోణంలో వచ్చిందో అంతే కోణంలో అక్షానికి రెండో వైపుకు పరావర్తనం చెందుతుంది. ఆ కిరణమే ప్రతిబింబం కొన గుండా కూడా పోవాలి. అందువల్ల వస్తువు వైపున్న లంబకోణ త్రిభుజమూ ప్రతిబింబం వైపున్న లంబకోణ త్రిభుజమూ సరూపాలై, ఎత్తుల నిష్పత్తి దూరాల నిష్పత్తికి సమానమవుతుంది. పలుచని కటకంలో ఇదే పనిని దాని మధ్య బిందువైన దృక్ కేంద్రం గుండా దిశ మారకుండా సాగిపోయే కిరణం చేస్తుంది.

ఇక గుర్తుల సంగతి. పాఠ్యపుస్తకాలు సాధారణంగా అనుసరించే కార్టీజియన్ సంప్రదాయం ప్రకారం దూరాలన్నింటినీ దర్పణ ధ్రువం నుంచి లేదా కటక దృక్ కేంద్రం నుంచి కొలవాలి. పతన కాంతి (వస్తువు నుంచి వచ్చి పడే కాంతి) ప్రయాణించే దిశలో ఉన్న దూరాలు ధనాత్మకం, దానికి వ్యతిరేక దిశలో ఉన్నవి రుణాత్మకం. అక్షానికి పైన ఉన్న ఎత్తులు ధనాత్మకం, కింద ఉన్నవి రుణాత్మకం. వస్తు దూరాన్ని యు అనీ, ప్రతిబింబ దూరాన్ని వి అనీ, నాభ్యంతరాన్ని (అక్షానికి సమాంతరంగా వచ్చిన కిరణాలు కలిసే, లేదా ఎక్కడి నుంచి వస్తున్నట్లు తోస్తాయో ఆ నాభి వరకున్న దూరాన్ని) ఎఫ్ అనీ, ఆవర్ధనాన్ని ఎం అనీ రాద్దాం. నిజమైన వస్తువుకు యు ఎప్పుడూ రుణాత్మకమే. పుటాకార దర్పణానికి, పుటాకార కటకానికి ఎఫ్ రుణాత్మకం. కుంభాకార దర్పణానికి, కుంభాకార కటకానికి ఎఫ్ ధనాత్మకం. నిజ ప్రతిబింబాలకు (కిరణాలు నిజంగా కలిసే చోట ఏర్పడేవాటికి) సంబంధించిన దూరాలన్నింటినీ ధనాత్మకంగా తీసుకొనే మరో సంప్రదాయం కూడా కొన్ని పుస్తకాల్లో ఉంది. ఏది ఎంచుకున్నా ఫలితం ఒకటే, కానీ ఒకే లెక్కలో రెండింటినీ కలపకూడదు.

పై సంప్రదాయంలో వాడవలసిన సూత్రాలు ఇవి:

దర్పణానికి: 1/వి + 1/యు = 1/ఎఫ్; ఎం = −వి/యు
కటకానికి: 1/వి − 1/యు = 1/ఎఫ్; ఎం = వి/యు

దర్పణం సూత్రంలో ఉన్న రుణ గుర్తు కటకం సూత్రంలో ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం తెలిస్తే ఈ రెండింటినీ కంఠస్థం చేయవలసిన అవసరమే ఉండదు. దర్పణం కాంతిని వెనక్కి పంపుతుంది, కాబట్టి నిజ ప్రతిబింబం వస్తువున్న వైపే ఏర్పడుతుంది. అప్పుడు యు, వి రెండూ రుణాత్మకాలై వాటి నిష్పత్తి ధనాత్మకమవుతుంది. కానీ ఆ ప్రతిబింబం తలక్రిందులుగా ఉంటుంది కాబట్టి అదనంగా ఒక రుణ గుర్తు కావలసి వస్తుంది. కటకం కాంతిని తన గుండా పోనిస్తుంది, నిజ ప్రతిబింబం అవతలి వైపు ఏర్పడుతుంది, యు రుణాత్మకమూ వి ధనాత్మకమూ కావడం వల్ల నిష్పత్తి తనంతట తానే రుణాత్మకమవుతుంది.

ప్రతిబింబ దూరంతో పనిలేకుండా నేరుగా ఆవర్ధనాన్ని పొందాలంటే పై సూత్రాల నుంచి వి ని తొలగించవచ్చు. దర్పణానికి ఎం = ఎఫ్/(ఎఫ్ − యు), కటకానికి ఎం = ఎఫ్/(ఎఫ్ + యు) అని వస్తుంది.

దర్పణాలతో లెక్కలు

30 సెం.మీ. నాభ్యంతరం గల పుటాకార దర్పణం ముందు 45 సెం.మీ. దూరంలో 4 సెం.మీ. ఎత్తున్న వస్తువు ఉందనుకుందాం. ముందుగా గుర్తులు: ఎఫ్ = −30, యు = −45. అప్పుడు 1/వి = −1/30 + 1/45 = −1/90, అంటే వి = −90 సెం.మీ. ఆవర్ధనం −(−90)/(−45) = −2. ప్రతిబింబం ఎత్తు −8 సెం.మీ. అంటే దర్పణం ముందే, వస్తువుకంటే దూరంగా, తలక్రిందులుగా, రెట్టింపు పరిమాణంతో నిజ ప్రతిబింబం ఏర్పడుతుంది. అదే దర్పణానికి వస్తువును 20 సెం.మీ. వద్దకు జరిపితే 1/వి = −1/30 + 1/20 = 1/60, వి = +60 సెం.మీ., ఆవర్ధనం −60/(−20) = +3. ఇప్పుడు ప్రతిబింబం దర్పణం వెనుక, నిటారుగా, మూడు రెట్లుగా కనిపిస్తుంది. గడ్డం గీసుకొనేందుకు, ముఖాలంకరణకు వాడే పుటాకార అద్దాలు పనిచేసేది ఈ అమరికలోనే. ముఖం నాభి కంటే దగ్గరగా ఉండాలి.

కుంభాకార దర్పణం లెక్క మరింత ఆలోచింపజేస్తుంది. వాహనం పక్కన అమర్చిన అద్దం నాభ్యంతరం 1.5 మీ. అనీ, వెనుక వచ్చే వాహనం 6 మీ. దూరంలో ఉందనీ అనుకుంటే, ఎఫ్ = +1.5, యు = −6. ఆవర్ధనం 1.5/(1.5 + 6) = +0.2. ప్రతిబింబం అద్దం వెనుక 1.2 మీ. దూరంలోనే ఉంటుంది. ప్రతిబింబం అంత దగ్గరగా ఉంటే, కొన్ని అద్దాల మీద ‘వాహనాలు కనిపించే దానికంటే దగ్గరగా ఉన్నాయి’ అన్న హెచ్చరిక ఎందుకు రాస్తారు? మన మెదడు దూరాన్ని అంచనా వేయడానికి, వస్తువు కంటి వద్ద చేసే కోణాన్ని ఎక్కువగా ఆధారం చేసుకుంటుంది. కన్ను అద్దానికి 1 మీ. దూరంలో ఉంటే, సమతల దర్పణంలో ఆ వాహనం చేసే కోణం దాని ఎత్తులో 1/7 వంతుకు, అంటే సుమారు 0.143కు అనుగుణంగా ఉంటుంది. ఈ కుంభాకార దర్పణంలో అది 0.2/2.2, అంటే సుమారు 0.091 మాత్రమే. కోణం తగ్గింది కాబట్టి వాహనం దూరంగా ఉన్నట్లు తోస్తుంది. ప్రతిబింబం పరిమాణం వేరు, అది కంటికి ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది వేరు. ఈ భేదాన్ని దృష్టిలో ఉంచుకోవాలి, ముందు ముందు భూతద్దం దగ్గర ఇది మళ్లీ అవసరమవుతుంది.

సమతల దర్పణానికి ఆవర్ధనం ఎప్పుడూ +1.

కటకాలు, నాభి నుంచి దూరం

10 సెం.మీ. నాభ్యంతరం గల కుంభాకార కటకం రెట్టింపు ప్రతిబింబాన్ని ఇవ్వాలంటే వస్తువును ఎక్కడ ఉంచాలి? ఇలా అడిగిన ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. ఎం = −2 అని తీసుకుంటే 10/(10 + యు) = −2 నుంచి యు = −15 సెం.మీ. వస్తుంది; ఎం = +2 అని తీసుకుంటే యు = −5 సెం.మీ. మొదటి దానిలో తెర మీద పట్టగలిగిన తలక్రిందుల నిజ ప్రతిబింబం, రెండో దానిలో కటకం గుండా చూస్తే కనిపించే నిటారు మిథ్యా ప్రతిబింబం. ‘తెర మీద’ అన్న ఒక్క మాట ప్రశ్నలో ఉంటే గుర్తు రుణాత్మకమని తేలిపోతుంది. లెక్కకు ముందే అటువంటి మాట కోసం వెతకాలి.

ఆ రెండు స్థానాలను మరోసారి చూడండి. 15 సెం.మీ., 5 సెం.మీ. రెండూ 10 సెం.మీ. వద్దనున్న నాభికి చెరో వైపు 5 సెం.మీ. దూరంలో ఉన్నాయి, నాభ్యంతరాన్ని ఆ 5తో భాగిస్తే 2 వస్తుంది. ఇది యాదృచ్ఛికం కాదు. ఆవర్ధనం పరిమాణం ఎప్పుడూ నాభ్యంతరాన్ని, నాభి నుంచి వస్తువుకున్న దూరంతో భాగించగా వచ్చినదే. న్యూటన్ పేరుతో పిలిచే కటక సమీకరణం నుంచి ఇది వస్తుంది. పై పుటాకార దర్పణానికి వర్తింపజేసి చూస్తే, 45 సెం.మీ. వద్ద వస్తువు నాభికి 15 సెం.మీ. దూరంలో ఉంది, 30/15 = 2; 20 సెం.మీ. వద్ద 10 సెం.మీ. దూరంలో ఉంది, 30/10 = 3. కుంభాకార దర్పణానికి నాభి అద్దం వెనుక ఉంటుంది కాబట్టి వస్తువు దాని నుంచి 7.5 మీ. దూరంలో ఉన్నట్లు, 1.5/7.5 = 0.2. పుటాకార కటకానికి వస్తువుకు అవతలి వైపునున్న నాభిని తీసుకోవాలి: నాభ్యంతరం 20 సెం.మీ., వస్తువు 30 సెం.మీ. దూరంలో ఉంటే 20/50 = 0.4. నా దృష్టిలో ఆవర్ధనం గురించి ఒకే ఒక్క విషయాన్ని గుర్తుంచుకోవలసి వస్తే ఇదే గుర్తుంచుకోదగినది. వస్తువు నాభికి దగ్గరయ్యేకొద్దీ ప్రతిబింబం ఎందుకంత వేగంగా పెరుగుతుందో, కుంభాకార దర్పణమూ పుటాకార కటకమూ నిజమైన వస్తువుకు ఒకటిని మించిన ఆవర్ధనాన్ని ఎన్నటికీ ఎందుకు ఇవ్వలేవో దీనితో ఒక్క చూపులో బోధపడుతుంది. ఆ రెండింటి విషయంలో మీ లెక్కలో ఒకటి కంటే పెద్ద సంఖ్యగానీ, రుణ సంఖ్యగానీ వస్తే వెనక్కి వెళ్లి ఎఫ్ గుర్తును సరిచూడండి.

ప్రొజెక్టరు ఇందుకు మంచి ఉదాహరణ. 100 మి.మీ. నాభ్యంతరం గల కటకంతో 24 × 36 మి.మీ. స్లైడును 50 రెట్లు పెంచి తెర మీద చూపాలంటే, స్లైడు నాభికి కేవలం 100/50 = 2 మి.మీ. అవతల, అంటే కటకానికి 102 మి.మీ. దూరంలో ఉండాలి. తెర 50 × 102 = 5100 మి.మీ., అంటే 5.1 మీ. దూరంలో ఉంటుంది. స్లైడు కటకం వైపు ఒక్క మిల్లీమీటరు జరిగితే ఆవర్ధనం 100కు చేరి, ప్రతిబింబం 10 మీటర్ల అవతలికి పోతుంది. పొడవూ వెడల్పూ రెండూ 50 రెట్లైతే వైశాల్యం 2500 రెట్లవుతుందనీ, స్లైడు నుంచి వచ్చిన కాంతి అంతా ఆ వైశాల్యం మీద పరుచుకోవాలనీ మరచిపోకూడదు. ప్రొజెక్టరుకు అంత శక్తిమంతమైన దీపం అవసరమయ్యేది ఇందువల్లే.

కెమెరాలో పరిస్థితి దీనికి తారుమారు. 50 మి.మీ. కటకంతో 5 మీ. దూరంలో ఉన్న 1.7 మీ. ఎత్తు మనిషిని తీస్తే ఆవర్ధనం 50/(50 − 5000), సుమారు −0.0101, సెన్సారు మీద ప్రతిబింబం 17 మి.మీ. ఎత్తుంటుంది, 36 × 24 మి.మీ. సెన్సారును అడ్డంగా ఉంచినా అందులో ఇమిడిపోతుంది. కటకాన్ని 100 మి.మీ. దానితో మారిస్తే ప్రతిబింబం సుమారు 35 మి.మీ. అవుతుంది, కెమెరాను నిలువుగా తిప్పితేగానీ మనిషి పూర్తిగా పట్టడు. వస్తువు చాలా దూరంలో ఉన్నప్పుడు ఆవర్ధనం దాదాపు ఎఫ్/యు కాబట్టి, నాభ్యంతరం రెట్టింపైతే ప్రతిబింబమూ రెట్టింపవుతుంది.

ఒకటికి మించి కటకాలున్నప్పుడు

మొదటి కటకం ఏర్పరచిన ప్రతిబింబమే రెండో కటకానికి వస్తువు. ఒక్కో దశలో వచ్చిన ఆవర్ధనాలను గుర్తులతో సహా గుణించాలి, కూడకూడదు. 10 సెం.మీ. నాభ్యంతరం గల కటకం ముందు 15 సెం.మీ. వద్ద వస్తువుంటే ప్రతిబింబం 30 సెం.మీ. వద్ద, ఆవర్ధనం −2. అటువంటిదే రెండో కటకాన్ని మొదటి దానికి 42 సెం.మీ. దూరంలో ఉంచితే, దానికి వస్తు దూరం 42 − 30 = 12 సెం.మీ. అవుతుంది; యు = −12కు వి = +60, ఆవర్ధనం −5. మొత్తం ఆవర్ధనం (−2) × (−5) = +10. తుది ప్రతిబింబం నిజమైనదే, అయినా నిటారుగా ఉంది. ‘నిజ ప్రతిబింబమైతే తలక్రిందులు’ అన్న సూత్రం ఒక్క కటకానికే, ఒక్క దర్పణానికే పరిమితమని ఈ లెక్క చూపుతుంది.

కంటితో చూసే పరికరాలు: కోణీయ ఆవర్ధనం

5 సెం.మీ. నాభ్యంతరం గల భూతద్దంలో వస్తువును సరిగ్గా నాభి వద్ద ఉంచితే, పై సూత్రం ప్రకారం ఆవర్ధనం అనంతం కావాలి. ప్రతిబింబం నిజంగానే అనంత దూరంలో, అనంత పరిమాణంతో ఉంది. కానీ చూసేవారికి వస్తువు అనంతంగా కనిపించదు, 5 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. ఇక్కడ లెక్కించవలసింది ఎత్తుల నిష్పత్తి కాదు, కోణాల నిష్పత్తి. పరికరం గుండా చూసినప్పుడు కంటి వద్ద ఏర్పడే కోణాన్ని, పరికరం లేకుండా చూసినప్పుడు ఏర్పడే కోణంతో భాగించగా వచ్చేది కోణీయ ఆవర్ధనం. భూతద్దాల మీద, సూక్ష్మదర్శినుల మీద, బైనాక్యులర్ల మీద ‘×’ గుర్తుతో ముద్రించేది ఈ విలువనే.

దగ్గరి వస్తువుల విషయంలో, పరికరం లేకుండా స్పష్టంగా చూడగలిగిన కనిష్ఠ దూరాన్ని 25 సెం.మీ.గా తీసుకోవడం రివాజు. ప్రతిబింబం అనంత దూరంలో ఉండి, కన్ను విశ్రాంతిగా ఉన్నప్పుడు భూతద్దం ఆవర్ధనం 25/ఎఫ్ (సెం.మీ.లలో), ప్రతిబింబాన్ని 25 సెం.మీ. దగ్గరకు తెచ్చుకొని, కన్ను కటకానికి ఆనించి చూస్తే 1 + 25/ఎఫ్. మన 5 సెం.మీ. భూతద్దానికి ఇవి 5, 6. కటక సామర్థ్యం డయాప్టర్లలో (అంటే మీటర్లలో నాభ్యంతరంతో 1ని భాగించగా వచ్చే సంఖ్య) తెలిస్తే దానిని 4తో భాగించినా మొదటి విలువే వస్తుంది. 20 డయాప్టర్ల కటకానికి 5. పదిహేడో శతాబ్దపు డచ్ పరిశోధకుడు లీవెన్‌హుక్ తయారు చేసిన ఒంటి కటకపు సూక్ష్మదర్శినుల్లో నేటికీ నిలిచి ఉన్న ఒకటి సుమారు 270 రెట్లు పెంచి చూపుతుంది. 250 మి.మీ.ను 270తో భాగిస్తే ఆ కటకం నాభ్యంతరం ఒక మిల్లీమీటరు కంటే తక్కువని తేలుతుంది. అంత చిన్న గాజుపూసను కంటికి దాదాపు తాకించి చూడవలసి రావడంలో వింత లేదు.

సంయుక్త సూక్ష్మదర్శినిలో రెండు రకాల ఆవర్ధనాలూ కలుస్తాయి. వస్తువు వైపున్న వస్తు కటకం చేసేది రేఖీయ ఆవర్ధనం, అంటే ఎత్తుల నిష్పత్తి: నాళ దైర్ఘ్యం (వస్తు కటకం నాభి నుంచి అది ఏర్పరచే ప్రతిబింబం వరకున్న దూరం) 160 మి.మీ., వస్తు కటకం నాభ్యంతరం 4 మి.మీ. అయితే 160/4 = 40. కంటి వైపున్న అక్షి కటకం భూతద్దంలా పనిచేస్తుంది: నాభ్యంతరం 25 మి.మీ. అయితే 250/25 = 10. మొత్తం 400 రెట్లు. అక్షి కటకాలను మారుస్తూ ఈ సంఖ్యను ఎంతైనా పెంచుకుంటూ పోవచ్చునని అనిపిస్తుంది గానీ, 1873లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబే చూపినట్లు కాంతి తరంగదైర్ఘ్యం ఒక హద్దు విధిస్తుంది; సుమారు 0.2 మైక్రోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులు మామూలు కాంతి సూక్ష్మదర్శినిలో విడివిడిగా కనిపించవు. వెయ్యి, పదిహేను వందల రెట్లు దాటాక పెరిగేది మసకే.

దూరదర్శిని ఆవర్ధనం వస్తు కటకం నాభ్యంతరాన్ని అక్షి కటకం నాభ్యంతరంతో భాగించగా వస్తుంది: 1000 మి.మీ., 25 మి.మీ. అయితే 40. దానితో చంద్రుణ్ణి చూస్తే అర డిగ్రీ బింబం 20 డిగ్రీల వెడల్పున కనిపిస్తుంది. 3474 కి.మీ. వ్యాసం గల చంద్రుడు 3,84,400 కి.మీ. దూరంలో ఉన్నప్పుడు వస్తు కటకం ఏర్పరచే ప్రతిబింబం వ్యాసం 9 మి.మీ. మాత్రమే, దాని రేఖీయ ఆవర్ధనం వంద కోట్లలో 3 వంతులైనా లేదు. అయినా ఆ పరికరాన్ని 40 రెట్ల దూరదర్శిని అంటాం, అది సరైనదే. 1610 జనవరిలో బృహస్పతి ఉపగ్రహాలను గమనించిన గెలీలియో దూరదర్శిని ఆవర్ధనం సుమారు 20. ఆయన అక్షి కటకంగా పుటాకార కటకాన్ని వాడినందున ప్రతిబింబం నిటారుగా ఉండేది. రెండూ కుంభాకారాలైన కెప్లర్ అమరికలో అది తలక్రిందులవుతుంది.

దూరదర్శిని కొనేటప్పుడు ఆవర్ధనం ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు. ముందు కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని రెండింతలు చేస్తే, ఉపయోగకరమైన ఆవర్ధనానికి అది దాదాపు పైహద్దు. 60 మి.మీ. దూరదర్శిని పెట్టె మీద 500 రెట్లు అని రాసి ఉంటే ఆ సంఖ్యను నమ్మవలసిన పనిలేదు. బైనాక్యులర్ మీద 10×50 అని ఉంటే ఆవర్ధనం 10, ముందు కటకం వ్యాసం 50 మి.మీ. అని అర్థం, 50ని 10తో భాగించగా వచ్చే 5 మి.మీ. కంటిలోకి చేరే కాంతిపుంజం వెడల్పు.

చేసి చూడడం

ఒక కుంభాకార కటకం, తెల్లని అట్ట, స్కేలు, వెలుగుతున్న ఫోను తెర మీద గీసిన ఒక బాణం గుర్తు ఉంటే పై సూత్రాలన్నింటినీ సరిచూడవచ్చు. మొదట దూరంలోని చెట్టునో భవనాన్నో అట్ట మీద స్పష్టంగా పట్టి కటకానికి, అట్టకు మధ్య దూరాన్ని కొలవండి; అదే సుమారు నాభ్యంతరం. సూర్యుణ్ణి మాత్రం ఈ పనికి వాడకూడదు, కటకం గుండా సూర్యుణ్ణి ఎన్నడూ చూడకూడదు. తరువాత చీకటి గదిలో బాణాన్ని, అట్టను నాభ్యంతరానికి నాలుగు రెట్లకంటే ఎక్కువ దూరంలో స్థిరంగా నిలిపి, కటకాన్ని మాత్రమే వాటి మధ్య జరపండి. రెండు చోట్ల స్పష్టమైన ప్రతిబింబం దొరుకుతుంది. నాభ్యంతరం 20 సెం.మీ., మొత్తం దూరం 90 సెం.మీ. అయితే, కటకం బాణానికి 30 సెం.మీ. దూరంలో ఉన్నప్పుడు ప్రతిబింబం రెట్టింపుగా, 60 సెం.మీ. దూరంలో ఉన్నప్పుడు సగంగా ఉంటుంది. రెండు ఆవర్ధనాలూ ఒకదానికొకటి వ్యుత్క్రమాలు కాబట్టి వాటి లబ్ధం ఎప్పుడూ 1. ప్రతిబింబాలు 4 సెం.మీ., 1 సెం.మీ. ఉంటే, వాటి లబ్ధానికి వర్గమూలం, అంటే 2 సెం.మీ., బాణం అసలు ఎత్తు. చేతికందని వస్తువు ఎత్తును సైతం ఈ పద్ధతిలో కొలవవచ్చు. మీ కొలతల్లో ఆ లబ్ధం 1కి దగ్గరగా రాకపోతే, దూరాలను కటకం అంచు నుంచి కాక మధ్య నుంచి కొలిచారో లేదో, బాణమూ కటకమూ అట్టా ఒకే సరళరేఖలో ఉన్నాయో లేదో చూసుకొని మళ్లీ కొలవండి.